పెద్దమ్మ పడుకున్న చోట్లు

నా దస్తూరీ బాగుండదు. ఐదో తరగతి మధ్యలో బడి మానేశాను, ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. గీతలు లేని కాగితం కావడంతో వరసలు కిందికి జారిపోతున్నాయి. తప్పులుంటే చదివే అక్క సరిచేసుకుని చదవాలి. వినేవాళ్ళు మన్నించాలి.

మన పెద్దమ్మ పోయింది. మీ అందరికీ తెలిసిన సంగతే. పోయిన సోమవారం పొద్దున ఎంత పిలిచినా పలక్కపోతే తలుపు పగలగొట్టి చూశారు. లోపల గడియ వేసి ఉంది. నిద్రలోనే పోయింది. ఈ శుక్రవారం మనామాలో మనం కలిసే గదిలో ఆమె పేరున దీపం పెట్టి, తలా ఒక మాట చెప్పుకుందామన్నారు. నలుగురిలో లేచి నిలబడితే నాకు గొంతు రాదు. అందుకే రాసి పంపుతున్నాను.

రాయడానికి ఇంకో కారణం ఉంది. ఆ తలుపుకు గడియ బిగించింది మా ఆయన. బిగించమని అడిగింది నేను. అది విని మీలో నలుగురు మా తలుపు కూడా అలాగే చేసి పెట్టమంటే, వీలు చూసుకుని వచ్చి చేశాడు. ఆ నలుగురికీ నేను ఒక మాట చెప్పాలి. చెబితే ఆయన సంగతి బయటపడుతుందని భయం. చెప్పకపోతే ఏమవుతుందో అన్నది అంతకంటే పెద్ద భయం. పెద్దమ్మ సంగతి వదిలేసి ఆ మాట ఒక్కటే చెప్పడం నాకు చేతకాదు. మొదటి నుంచీ చెబుతాను.

నేను ఈ అరబ్బు దేశం వచ్చేనాటికి మాకు పెళ్ళయి ఏడు నెలలు. మా ఆయన తుబ్లీలో తలుపులు, కిటికీలు చేసే వర్క్‌షాపులో పనిచేస్తాడు. ఉండేది పనివాళ్ళ క్యాంపులో, గదికి ఎనిమిది మంది. నన్ను ఇంటిపని వీసా మీద తెప్పించాడు. ఇద్దరం ఒకే చోట ఉన్నట్టే అవుతుందనుకున్నాం. దేశం ఒకటే అయింది గానీ చూరు ఒకటి కాలేదు.

పనికి కుదిరిన ఇంట్లో మొదటి రోజు మేడం నాకు వంటగది చూపించింది, స్నానాల గదులు చూపించింది, ఏ గుడ్డతో ఏది తుడవాలో చూపించింది. వెనకాల ఒక పెద్దావిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. తెలుగామె అని బొట్టు చూసి పోల్చుకున్నాను. మేడం అటు వెళ్ళగానే దగ్గరికి వచ్చింది. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతుందనుకున్నాను.

“పడుకునే చోటు చూపించిందా?” అంది.

“లేదండి.”

“నువ్వడిగావా?”

తల అడ్డంగా ఊపాను.

“నోరు లేదేంటే నీకు? గిన్నెలెక్కడున్నాయో ఆళ్ళే చెప్తారు. పక్కెక్కడేసుకోవాలో మనం అడగాలి. రా, చూపిత్తాను.”

గది మేడ మీద ఉంది. బట్టలు ఉతికే గది అది. వాషింగ్ మిషను, ఇస్త్రీ బల్ల, రంజాను నెలలో మాత్రమే దించే పెద్ద పెద్ద పళ్ళేల పెట్టెలు. వాటన్నిటికీ పోను మిగిలిన నేల మాది. పెద్దమ్మ ఆ నేలను జానలతో కొలిచి పెట్టుకుంది. పొడవు పన్నెండు జానలు, వెడల్పు ఏడు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు జానలతో కొలిచేదట. కిటికీ లేదు. తలుపుకూ నేలకూ మధ్య మాత్రం నాలుగు వేళ్ళు పట్టే సందు ఉంది. “అదే మన కిటికీ. దుమ్మొత్తాది, పిల్లి చెయ్యొత్తాది, గాలీ వత్తాది. ఏరి తీసుకోవాలి,” అని నవ్వింది.

ఆ తలుపుకు గడియ లేదు. పిడి తిప్పితే ఎవరైనా తీయొచ్చు. పెద్దమ్మ రెండు పాదాలూ తలుపుకు ఆనించి పడుకునేది. నన్ను గోడ వైపు పడుకోమనేది. అలా ఎందుకని అడిగితే, “తలుపు కదిలితే ముందు నా కాళ్ళకి తెలుద్ది,” అంది. ఇంకా అడిగాను. “ఒక ఇంట్లో గెడ బయటేపు ఉండేది. పది గంటలకి ఏసేసి, ఐదింటికి తీసేవోళ్ళు. ఇంకో ఇంట్లో అసలు లేదు. లేని ఇల్లే కష్టం,” అంది. ఆ తర్వాత ఆ సంగతి ఆమె ఎత్తలేదు, నేను అడగలేదు. ఆమె ఎడమ చెయ్యి భుజం దాకా ఎత్తలేకపోయేది కదా, మీరూ చూశారు. నూతిలో తోడీ తోడీ అయిందని మీకు చెప్పేది. ఇక్కడ నూతులెక్కడివి?

మిగతావన్నీ మాత్రం నవ్వుతూనే చెప్పేది. ఎవరైనా కాశీ, రామేశ్వరం వెళ్ళొచ్చి చెప్పినట్టు తను పడుకున్న చోట్లు వరసగా చెప్పేది. మొదటి ఇంట్లో వంటింటి బల్ల కింద. రెండో ఇంట్లో మెట్ల కింద, దుమ్ము పీల్చే మిషను పక్కన. లేవగానే తల మెట్టుకు కొట్టుకునేదట, ఆరు నెలలకు తల అలవాటు పడిందట. తర్వాత ఒక ముసలమ్మ మంచం పక్కన, ఆమె చేతికీ పెద్దమ్మ చేతికీ ఓ తాడు కట్టి. ముసలమ్మకు దాహమైతే తాడు లాగేది. “ఆవిడ పోయాక కూడా నెల రోజులు చెయ్యి లాగినట్టే ఉండేదే. లేచి నీళ్ళు పట్టుకుని నిలబడేదాన్ని, ఎవరికివ్వాలో తెలీక నేనే తాగేసేదాన్ని.” మనమంతా ఆ మాటకు ఎంత నవ్వామో గుర్తుందా? ఇప్పుడు రాస్తుంటే నవ్వు రావడం లేదు.

ఇంత చెప్పినావిడ కూతురితో ఫోనులో మాత్రం ఒక్కటే మాట చెప్పేది. “నాకేం, గదుంది.” గది ఉందనడం అబద్ధం కాదు కాబట్టి ఇంకేమీ కలపేది కాదు.

కొత్తగా ఎవరు వచ్చినా ఆమె అడిగేది ఒకటే. “గెడ ఎటేపుందే?” జీతం ఎంతని అడిగేది కాదు, మేడం మంచిదా అని అడిగేది కాదు. మన గదిలో మొదటిసారి కూర్చున్న ప్రతి ఒక్కరినీ టీ గ్లాసు చేతికిస్తూ ఆ మాటే అడిగింది. లోపలేపు ఉందని చెప్పిన వాళ్ళకి చక్కెర ఎక్కువ వేసేది. లేదని చెప్పిన వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకునేది. “పని ఆళ్ళది, నిద్ర మాత్రం మనది. దాన్ని ఆళ్ళకి ఒదిలేత్తే ఇంక మనకేటీ మిగలదు,” అనేది.

ఏడాదిన్నర ఆమె పక్కన పడుకున్నాను. రాత్రి నాకు ఏడుపొస్తే ఓదార్చేది కాదు. నా మీద కాలు వేసి పడుకునేది. ఆ బరువుకు నిద్రపట్టేది.

తర్వాత మేడం చెల్లెలికి కవలలు పుట్టారు. నన్ను ఆ ఇంటికి మార్చారు. ఇప్పుడు నేను పడుకునేది పిల్లల గదిలో, రెండు ఉయ్యాల మంచాల మధ్య. పెద్దమ్మ మేడ మీద ఒక్కతే మిగిలింది. నేను వెళ్ళాక ఆమెకు సరిగ్గా నిద్రపట్టలేదు. శుక్రవారాలు మన గదికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోయేది. “పెద్దమ్మా, మాతో మాట్లాడ్డానికొచ్చావా, గుర్రు పెట్టడానికొచ్చావా?” అని మీరే ఎగతాళి చేసేవాళ్ళు. మేడంని గడియ అడగమని నేను చెప్పాను. తొమ్మిదేళ్ళ కిందట, ఆ ఇంట్లో చేరిన కొత్తలో ఒకసారి అడిగిందట. “మా ఇంట్లో నీకు భయమేంటి?” అని మేడం నొచ్చుకుందట. ఆమె మళ్ళీ అడగలేదు.

నేను మా ఆయన్ని అడిగాను.

ఈ చలికాలం మొదట్లో మేడం వాళ్ళంతా ఎప్పటిలాగే ఎడారిలో గుడారాలు వేసుకుని రెండు రోజులు ఉండడానికి వెళ్ళారు. ఆ శుక్రవారం మా ఆయన వర్క్‌షాపులో మిగిలిన సామాన్ల నుంచి ఒక గడియ, మరలు, రబ్బరు పట్టీ చుట్ట తెచ్చాడు. నేనూ వెళ్ళాను. ఇంటివాళ్ళకు చెప్పకుండా లోపలికి రావడం తప్పని ముగ్గురికీ తెలుసు.

“అల్లుడుగారూ, కట్నం కింద గెడ తెచ్చేరా?” అంది పెద్దమ్మ.

“అల్లుడు కట్నం పుచ్చుకుంటాడు గానీ ఇత్తాడేంటత్తా?” అన్నాడు ఈయన.

“నువ్వు తిరగేసిన అల్లుడివిలే. కానీ.”

గడియ పెట్టడం పావుగంట పని. అంతటితో ఆగితే బాగుండేది. ఈయనకు తన పని మీద ఇష్టం ఎక్కువ. కింద ఆ సందు చూసి, “ఇదేం తలుపు అత్తా, పంది దూరేలా ఉంది,” అని నేల దాకా ఒక రేకు బిగించాడు. చుట్టూ చౌకట్టుకు రబ్బరు అంటించాడు. తలుపు వేస్తే, కొత్త ఫ్రిజ్జు తలుపు పడ్డట్టు మెత్తగా పడింది. “ఇంక దోమ కూడా దూరదు,” అన్నాడు. పెద్దమ్మ ఆ రబ్బరు మీద వేలు పెట్టి చుట్టూ రాసి చూసుకుంది, పట్టుచీర అంచు చూసుకున్నట్టు.

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాస్తాను. పెద్దమ్మ ఉతికిన దుప్పట్ల బుట్ట చంకనెత్తుకుని, “గెడ సరిగ్గా పడతందో లేదో మీ ఇద్దరూ లోపలుండి చూసుకోండి. నేను దుప్పట్లారేసొత్తాను. పన్నెండున్నాయి, నిమ్మళంగా ఆరేత్తాను,” అని బయటికి వెళ్ళింది. నేను సిగ్గుతో గోడ వైపు తిరిగాను. బయట ఆమె గట్టిగా దగ్గుతూ, గాలిని తిడుతూ, క్లిప్పులు లెక్కపెడుతూ తిరిగింది. ఈ దేశంలో మేమిద్దరం ఒక తలుపు వేసుకుని లోపల ఉన్నది ఆ ఒక్కసారే. ఆ గడియ మొదట వేసింది నా చెయ్యి.

ఆ వారం నుంచి పెద్దమ్మ మొహం మారింది. మీరూ అన్నారు, ఏంటి పెద్దమ్మా పదేళ్ళు తగ్గావని. తలుపుకు తల పెట్టుకుని పడుకుంటున్నానని చెప్పింది. కాళ్ళు ఎటు కావాలంటే అటు చాపుకుంటున్నానంది. అది విని మీలో నలుగురు అడిగారు. ఒక్కో ఇల్లు ఖాళీ అయినప్పుడు ఈయన వచ్చి గడియ, రేకు, రబ్బరు పెట్టి వెళ్ళాడు.

పోయిన వారం చలి మీకు తెలుసు. రెండు రోజులు వాన, ఆపైన గాలి. గుడారాల నుంచి వచ్చిన సామాన్లు పెద్దమ్మ గది ముందే దించారు. అందులో ఒక ఇనప కుంపటి, సగం సంచి బొగ్గులు ఉన్నాయి. ఆదివారం సాయంత్రం పిల్లలకు పాలు కలుపుతుంటే ఆమె ఫోను చేసింది.

“చలికి ఎముకలు ఊడిపోతన్నాయే. బొగ్గులున్నాయి. ఈయాళ కుంపటెట్టుకుని బాలింతలా పడుకుంటాను.”

“బాలింతవి సరే, బిడ్డేదీ పెద్దమ్మా?” అన్నాను.

“వాషింగ్ మిషనుందిగా. రాత్రంతా మూలుగుద్ది.”

ఇద్దరం నవ్వాం. పిల్లాడు ఏడిస్తే ఫోను పెట్టేశాను.

కుంపటి అన్న మాట నేను విన్నాను. విని, బిడ్డేదీ అన్నాను. ఈ కాగితంలో రాయడానికి అన్నిటికంటే కష్టమైన వరస ఇదే.

సోమవారం ఆమె బట్టలు సర్దడానికి నన్ను పిలిపించారు. తలుపు పక్కకు విరిగి ఉంది, రబ్బరు ఒక మూల ఊడి వేలాడుతోంది. కుంపటిలో తెల్లటి బూడిద. మేడం కూడా పైకి వచ్చింది. ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. ఆమె గుమ్మంలో నిలబడి మిషను వైపు, పెట్టెల వైపు, నేల మీద పరుపు వైపు చూసి, “ఇక్కడా పడుకునేది?” అని నన్ను హిందీలో అడిగింది. తొమ్మిదేళ్ళలో ఆవిడ ఆ గది చూడడం అదే మొదలు. తర్వాత గడియ చూసి, “ఇది ఎవరు పెట్టారు?” అంది. నేను తల దించుకుని బట్టలు మడత పెట్టాను. పెద్దమ్మకే తెలియాలి అన్నట్టు ఊరుకున్నాను. చచ్చిపోయిన మనిషి మీదికి నెట్టేశాను.

గాలి ఆడని గదిలో బొగ్గు కాలితే ఒక విషం పుడుతుందట. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రపోయే మనిషి లేవడం ఉండదట. అంబులెన్సులో వచ్చినవాళ్ళు ఆ ఇంటి డ్రైవరుకు చెబితే డ్రైవరు నాకు చెప్పాడు.

మన గదిలో కొందరు, “పిచ్చిది, కుంపటి పెట్టుకుని ఎవరైనా తలుపేసుకుంటారా?” అన్నారని విన్నాను. అలా అనకండి. పెద్దమ్మ పిచ్చిది కాదు. మన వైపు బాలింత గదిలో కుంపటి పెట్టనిది ఎవరి ఇంట్లో? మనమంతా ఆ సెగ పక్కన కళ్ళు తెరిచినవాళ్ళమే. ఆమె రెండు కాన్పులూ తాటాకింట్లో అయ్యాయి. మంచం కింద కుంపటి, దాంట్లో సాంబ్రాణి. ఆ పదకొండు రోజులు పడుకున్నంత నిద్ర జన్మలో మళ్ళీ పడుకోలేదని నాకు ఎన్నోసార్లు చెప్పింది. పని చెప్పేవాళ్ళు లేని పదకొండు రోజులవి. తాటాకుల్లోంచి పొగ దాని దారిన అది పోయేది. ఇక్కడ పోవడానికి ఆ నాలుగు వేళ్ళ సందు ఒక్కటే ఉండేది. దాన్ని మేం మూసేశాం. ఆమె చిన్నప్పటి నుంచి చేసిందే చేసింది. గది మారిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మాకూ తెలియదు.

మా ఆయనకు చెప్పాను. “నేను గెడ పెట్టి ఊరుకోవాల్సింది. రబ్బరు ఎవరడిగారు నన్ను?” అన్నాడు. రెండు రోజులు డ్యూటీలో తలుపులకు రబ్బరు వేయలేకపోయాడట. ఆ నలుగురి ఇళ్ళకూ తనే వెళ్ళి తీసేస్తానన్నాడు. ఇప్పుడు ఇళ్ళన్నీ మనుషులతో ఉన్నాయి, వెళితే పట్టుకుంటారు. అందుకే నేను రాస్తున్నాను.

మీరు నలుగురూ ఈ రాత్రికే ఆ రబ్బరు తీసేయండి. చాకు మొనతో ఒక మూల లేపితే చాలు, లాగితే మొత్తం వచ్చేస్తుంది. కింద రేకుకు మూడు మరలు ఉంటాయి. చెంచా తోకతో తిరుగుతాయి, నేను చూశాను. దుమ్ము వస్తే రానివ్వండి. చలికి ఇంకో దుప్పటి అడగండి, నోరు రాకపోతే నాకు ఫోను చేయండి, నాది ఇచ్చేస్తాను. నిప్పు మాత్రం గదిలోకి తీసుకెళ్ళకండి. బూడిద పట్టినా సరే, ఆరినట్టు కనిపించినా సరే.

గడియ తీయకండి. ఇది రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. గడియ లేకపోతే తలుపు తొందరగా తెరిచేవాళ్ళు, బతికేదేమో అని ఒక అక్క అంది. అయి ఉండొచ్చు. నాకు తెలియదు. కానీ తొమ్మిదేళ్ళు కాళ్ళు తలుపుకు ఆనించి పడుకున్న మనిషి ఆఖరి ఇరవై ముప్ఫై రాత్రులు తనకు నచ్చినట్టు పడుకుంది. తలుపు పగలగొట్టినవాళ్ళు ఆమెను చూసినప్పుడు కాళ్ళు గోడ వైపు ఉన్నాయట. దుప్పటి చక్కగా ఉంది. తల కింద చెయ్యి పెట్టుకుని ఉంది, ఎత్తలేని ఆ ఎడమ చెయ్యే.

ఆమె కూతురు ఫోను చేసి, “అమ్మ గది ఎలా ఉండేదక్కా?” అని అడిగింది. గది బాగుండేదని చెప్పలేదు. “లోపల గడియ ఉండేదమ్మా,” అన్నాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఇక్కడికి రాకుండా ఉంటే ఎప్పటికీ అర్థం కానక్కర్లేదు.

చదివే అక్కా, అందరూ విన్నాక ఈ కాగితం దాచకు. ఎవరి చేతికైనా చిక్కితే ఈయన్ని విమానం ఎక్కించేస్తారు, నన్నూ పంపించేస్తారు. కాల్చెయ్యి. గదిలో వద్దు, పొయ్యి దగ్గర వద్దు. మేడ మీదికి తీసుకెళ్ళి, గాలి వీచే చోట కాల్చు. ఎగిరిపోయింది పోగా మిగిలిన బూడిదను చేత్తో తాకి చూడు. చల్లబడిందని తెలిశాకే కిందికి దిగు.